"పాలు బయటకు పరిగెత్తితే నాకు చెప్పండి": ఇంగ్లీషు మాటలను స్పానిష్‌లోకి మార్చబోయి నవ్వులపాలయ్యాను

ఇడ్లీపాత్ర (ఆదివారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. వంటగదిలో ఐదుగురు పనిచేస్తారు, వారిలో నలుగురు మెక్సికో వాళ్ళు. నా ఇంగ్లీషు వాళ్ళకు సగం అర్థమవుతుంది, వాళ్ళ స్పానిష్ నాకు పావు వంతు. పోయిన వారం ధైర్యం చేసి, రోజూ అవసరమయ్యే నలభై వాక్యాలు ఇంగ్లీషులో రాసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటనూ స్పానిష్‌లోకి మార్చి ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి నలుగురూ ఫ్రిజ్ ముందు నిలబడి కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నారు. పెద్ద వంటవాడికి అరవై దాటాయి, మహా గంభీరమైన మనిషి. ఆయన పాల డబ్బా చంకన పెట్టుకుని వెనక తలుపు దాకా పరిగెత్తి చూపించాడు. నేను రాసింది "సి లా లేచే కొర్రే అఫ్వేరా". అంటే "పాలు బయటకు పరిగెత్తితే" అని అర్థమట! నేను చెప్పాలనుకున్నది పాలు అయిపోతే చెప్పమని. ఇంగ్లీషులో రన్ ఔట్ అంటాం కదా, రన్ అంటే కొర్రేర్, ఔట్ అంటే అఫ్వేరా. నా లెక్క సరిగ్గానే ఉంది మరి.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. టర్న్ ఆఫ్, పుట్ అవే, షో అప్, క్లీన్ అప్, పిక్ అప్. వీటికి స్పానిష్‌లో ఏమంటారో తెలిసినవారు కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

పంతులమ్మ (సోమవారం, ఉదయం 6:15)

అమ్మా, నీ లెక్క సరైనదే, తూకం రాయే వేరు. హైదరాబాదులో ముప్పై ఏళ్ళు స్పానిష్ పాఠాలు చెప్పాను. ఏటా కనీసం ఒక్కరైనా ఈ పాలను పరిగెత్తించారు.

ముందు నీకు కావలసిన వాక్యం: "సి సే అకాబా లా లేచే, అవీసెమే." పాలు అయిపోతే నాకు తెలియజేయండి. "అకబార్సే" అంటే అయిపోవడం. ఒక్క క్రియ, అంతే. "అయిపోతే" బదులు "అయిపోగానే" అనాలనుకుంటే "క్వాందో సే అకాబే లా లేచే" అవుతుంది. అకాబా కాస్తా అకాబే అయింది చూశావా? "క్వాందో" తరువాత ఇంకా జరగనిది వస్తే క్రియ వేషం మారుతుంది. ఆ వేషం పేరు ఇప్పుడు వద్దులే, భయపడతావు.

"అవీసెమే" అన్నది మర్యాదగా, మన "మీరు" లాగా. అరవై దాటిన మనిషిని "అవీసమే" అనకు, అది "నువ్వు" అవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వాక్యం నీ మనసులో మొదట ఏ భాషలో పుట్టింది? "పాలు అయిపోతే చెప్పండి" అనే కదా! దాన్ని ఇంగ్లీషులోకి మార్చావు, అక్కడ రన్ అనీ ఔట్ అనీ రెండు ముక్కలైంది. ఆ రెండు ముక్కలనూ విడివిడిగా స్పానిష్‌లోకి మోసుకెళ్ళావు. తెలుగులో ఉన్నది ఒకే ముక్క, స్పానిష్‌లో ఉన్నదీ ఒకే ముక్క. మధ్యలో ఆ చుట్టుతిరుగుడు ఎందుకు తల్లీ?

ఇడ్లీపాత్ర (సోమవారం, ఉదయం 7:02)

పంతులమ్మగారూ, ఇది నాకు తట్టనే లేదు! నిఘంటువులన్నీ ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కే ఉంటాయి కాబట్టి అదే దారి అనుకున్నాను. లేచే అన్న మాట మాత్రం మొదటి రోజే పట్టుబడింది. పొయ్యి మీద పాలు పొంగి పైకి లేచే, లేచే అనుకున్నాను.

బార్సిలోనా బాబ్జీ (సోమవారం, ఉదయం 11:30)

ఆ లేచే భలే ఉందండీ. మీ జాబితాకు నా వంతు ఇవిగో. పిక్ అప్ అంటే కింద పడినవి తీయడమైతే "రెకొహేర్". పుట్ అవే అంటే "గ్వార్దార్", మన సర్దిపెట్టడం, దాచడం రెండూ అదే. క్లీన్ అప్ అంటే ఒట్టి "లింపియార్", అప్ అన్నది మరిచిపోండి. "ఆ గిన్నె తీసుకో" అనాలంటే "కోహె లా ఓయా".

గ్వాదలహారా గోపి (సోమవారం, ఉదయం 11:41)

బాబ్జీగారూ ఆగండి! ఇడ్లీపాత్రగారూ, ఆ చివరిది దయచేసి ఫ్రిజ్‌కు అంటించకండి. "కొహేర్" అన్న మాట స్పెయిన్‌లో తీసుకోవడం, పట్టుకోవడం. మెక్సికోలో అది పెద్దల ముందు పలకకూడని మాట. ఏ పనిని సూచిస్తుందో మీరే ఊహించుకోండి. మీ వంటగదికి "తొమార్" లేదా "అగర్రార్" వాడండి. ఇక్కడ మెక్సికోలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను స్పెయిన్ పుస్తకం చదివి వచ్చాను. బస్సు ఎక్కడ పట్టుకోవాలని ఒక పెద్దావిడను అడిగాను. ఆవిడ ముందు బిత్తరపోయి, తరువాత నా ముఖం చూసి పరదేశినని గ్రహించి నవ్వేసింది. నాకు సంగతి తెలిసింది వారం తరువాత, ఆఫీసులో.

బస్సు అన్న మాట కూడా అంతే. మెక్సికోలో చాలామంది "కమియోన్" అంటారు, మిగతాచోట్ల అది లారీ. క్యూబాలోనూ కేనరీ దీవుల్లోనూ "గ్వాగ్వా". చిలీలో గ్వాగ్వా అంటే చంటిబిడ్డ! చిలీ వాళ్ళ ముందు గ్వాగ్వా ఎక్కి వచ్చానంటే ఏమవుతుందో చూసుకోండి.

బార్సిలోనా బాబ్జీ (సోమవారం, మధ్యాహ్నం 12:05)

అసలు భాష పుట్టిన చోట ఏమంటారో అదే నేను చెప్పాను. ఇక్కడ రోజుకు వందసార్లు కొహేర్ అంటారు. స్పానిష్ భాషకు పెద్దదిక్కయిన రియల్ అకాదేమియా సంస్థ నిఘంటువులో మొదటి అర్థం కూడా పట్టుకోవడమే.

గ్వాదలహారా గోపి (సోమవారం, మధ్యాహ్నం 12:09)

నిఘంటువు మాద్రిద్‌లో ఉంటుంది. ఫ్రిజ్ టెక్సస్‌లో ఉంది.

నిర్వాహకుడు (సోమవారం, మధ్యాహ్నం 12:30)

ఎవరి స్పానిష్ గొప్పదన్న పోటీకి వేరే చర్చ ప్రారంభించుకోండి. స్పానిష్ 20 దేశాలకు అధికార భాష, ఇక్కడ తేలే విషయం కాదు. ఇక్కడ ఇడ్లీపాత్రగారి ప్రశ్నకు సమాధానాలు చెప్పండి.

కొత్తసభ్యుడు (సోమవారం, సాయంత్రం 6:20)

నమస్కారం. విజయవాడలో ఉంటాను. స్పానిష్ ఎంత వచ్చో తేల్చే దేలే పరీక్ష మొదటి మెట్టుకు సొంతంగా చదువుతున్నాను. ఇంగ్లీషులోని రన్ ఔట్, టర్న్ ఆఫ్ లాంటి వంద జంటక్రియలకు స్పానిష్ అర్థాల జాబితా ఎవరి దగ్గరైనా ఉందా? ఒక్క గెట్‌కే నా నోటుపుస్తకంలో మూడు పేజీలు అయ్యాయి, ఏదీ గుర్తుండటం లేదు.

పంతులమ్మ (సోమవారం, రాత్రి 8:45)

జాబితా ఉంది నాయనా, కానీ ఇవ్వను. ఆ మూడు పేజీలు చింపెయ్యి. గెట్ అన్న మాటను పూర్తిగా మరిచిపోయి, ఒక రోజంతా జరిగేది తెలుగులో చెప్పు. పొద్దున లేచాను, బస్సు ఎక్కాను, దిగాను, వానలో తడిసిపోయాను, దారి తప్పాను, కోపం వచ్చింది, అలసిపోయాను, ఇల్లు చేరాను. వీటన్నిటికీ ఇంగ్లీషు వాడు గెట్ అనే సున్నం రాస్తాడు. నువ్వు తెలుగులో ఎనిమిది వేర్వేరు మాటలు వాడావు. స్పానిష్ వాడూ అంతే. లెవంతార్సే, సుబీర్, బహార్, మొహార్సే, పెర్దేర్సే, ఎనొహార్సే, కన్సార్సే, యెగార్. లేవడం, ఎక్కడం, దిగడం, తడవడం, దారి తప్పడం, కోపగించుకోవడం, అలసిపోవడం, చేరడం. వరస తప్పకుండా సరిపోయాయి.

(స్పెయిన్‌లో కోపానికి ఎన్‌ఫదార్సే అంటారు. బాబ్జీ అడగకముందే చెప్పేస్తున్నాను.)

వీటిలో కొన్నిటి చివర "సే" అని తోక ఉంది, గమనించావా? మా విద్యార్థులు ఏళ్ళ తరబడి దానితోనే తిప్పలు పడేవారు. ఇంగ్లీషు పుస్తకాలు దానికి "తనను తాను" అని అర్థం చెబుతాయి. "నన్ను నేను లేపుకున్నాను" అనుకుంటే ఎవరికి ఎక్కుతుంది? అదే తెలుగులో చూడు. చేతులు కడిగాను, చేతులు కడుక్కున్నాను. మొదటిదానిలో పిల్లవాడి చేతులైనా కావచ్చు, రెండోదానిలో నా చేతులే. ఆ "కొను" ఉంది చూశావా, స్పానిష్ "సే" చేసే పనుల్లో మొదటిది అదే. లవార్ అంటే కడగడం, లవార్సే అంటే కడుక్కోవడం. పెయినార్ దువ్వడం, పెయినార్సే దువ్వుకోవడం. అంతేకాదు, మనం "నా చేతులు కడుక్కున్నాను" అనం, ఒట్టి చేతులు అంటాం. స్పానిష్‌లోనూ "మే లవే లాస్ మానోస్". నా అన్న మాట లేదు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు అక్కడ "మిస్ మానోస్" అని తప్పు రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

రెండో పని ఇంకా బాగుంటుంది. వెళ్ళాను, వెళ్ళిపోయాను. పడ్డాను, పడిపోయాను. ఈ "పో" చేర్చగానే మాటలో ఏదో తెగినట్టు, ముగిసినట్టు ఉంటుంది కదా! ఇంగ్లీషు దానికోసం అవే, డౌన్, ఆఫ్ అని తోకలు తగిలిస్తుంది. స్పానిష్ మళ్ళీ ఆ "సే"నే తెస్తుంది. ఈర్ వెళ్ళడం, ఈర్సే వెళ్ళిపోవడం. కయేర్ పడటం, కయేర్సే పడిపోవడం. "ఆకలితో చచ్చిపోతున్నాను" అనడానికి "మే ముఎరో దే ఆంబ్రే" అంటారు, మొరీర్సే నుంచి.

మూడోది, తినడం, తినేయడం. "కొమీ అర్రోస్" అంటే అన్నం తిన్నాను. "మే కొమీ తోదో ఎల్ అర్రోస్" అంటే అన్నమంతా తినేశాను. తెలుగులో "కొంచెం అన్నం తిన్నాను" అంటాం, "అన్నమంతా తినేశాను" అంటాం. ఎంత తిన్నదీ తేలినప్పుడే "తినేశాను" నప్పుతుంది. స్పానిష్‌లోనూ పరిమాణం తేలకపోతే ఆ "మే" రాదు. ఈ సంగతి మొదటిసారి తరగతిలో చెప్పిన రోజు వెనక బెంచీలో ఎప్పుడూ కునుకు తీసే కుర్రాడు లేచి కూర్చున్నాడు.

మొండిఘటం (సోమవారం, రాత్రి 11:50)

పంతులమ్మగారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. మీరు పండినవే ఏరి గంపలో వేస్తున్నారు. పుచ్చులు నేను చూపిస్తాను.

"అడుగు" అన్న మాట తీసుకోండి. డబ్బు అడిగాను, దారి అడిగాను. తెలుగుకు రెండూ ఒకటే, ఇంగ్లీషుకూ ఒకటే. స్పానిష్‌లో డబ్బుకు పెదీర్, దారికి ప్రెగుంతార్. తెలుగు నుంచి నేరుగా వెళ్ళినవాడు కూడా నేరుగా గుంతలోనే పడతాడు. "తెలుసు" కూడా అంతే. ఆయన నాకు తెలుసు అనడానికి కొనొసేర్, లెక్కలు తెలుసు అనడానికి సబేర్. చేప బతికి ఉంటే పెస్, వలలో పడి వంటింటికి వస్తే పెస్కాదో. మనకు ఎక్కడున్నా చేపే. పోర్, పారా తేడా చెప్పమంటే పది మంది పండితులు పన్నెండు మాటలు చెబుతారు, తెలుగు "కోసం" అక్కడ పనికిరాదు. ఇక బల్ల ఆడది, పుస్తకం మగవాడు అన్న గొడవలో తెలుగు మనకు చేసే సాయం సున్న.

"సే" విషయంలోనూ, "కెహార్సే" అంటే ఫిర్యాదు చేయడం. అందులో "కొను" ఎక్కడుంది, "పో" ఎక్కడుంది? అక్కడ సే ఉందంటే ఉంది, అంతే. సూత్రమని నమ్మి పరీక్షకు వెళితే కొత్తసభ్యుడు మునుగుతాడు.

పంతులమ్మ (మంగళవారం, ఉదయం 6:05)

పుచ్చులు ఉన్నాయి, ఒప్పుకుంటాను. గంప మాత్రం పారేయను. "కెహార్సే" దగ్గర మా పిల్లలకు "మొర పెట్టుకోవడం" అని చెప్పేదాన్ని. అందులో "కొను" ఉంది నాయనా.

మొండిఘటం (మంగళవారం, ఉదయం 9:20)

మొర పెట్టుకోవడం! సరే, అది మీకు. నిజం చెప్పాలంటే మీ వాదానికి బలమిచ్చేది ఒకటి నా దగ్గరే ఉంది, ఇష్టం లేకపోయినా చెబుతాను. లియొనార్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రవేత్త భాషలను ఒక తమాషా ప్రశ్నతో విడదీశాడు. ఒకడు నదిని ఈది అవతలి ఒడ్డుకు చేరాడు. ఇందులో అసలు క్రియగా ఏది నిలుస్తుంది, ఈదడమా, దాటడమా? ఇంగ్లీషులో ఈదడమే క్రియ, దాటడం చివర ఒక చిన్న ముక్కగా మిగులుతుంది. స్పానిష్‌లో దాటడమే క్రియ. "క్రుసో ఎల్ రీయో నదాందో", ఈదుతూ నదిని దాటాడు. తెలుగులో మనం "నదిని ఈదుకుంటూ దాటాడు" అంటాం. "గదిలోంచి పరిగెత్తుకుంటూ బయటకు వెళ్ళాడు" అన్నదానికి "సలియో కొర్రియెందో", పరిగెడుతూ బయటపడ్డాడు. ఇడ్లీపాత్రగారి పాలు నిజంగానే పరిగెత్తాయనుకుంటే అప్పుడు కూడా "కొర్రే అఫ్వేరా" కాదు, "సాలే కొర్రియెందో" అనాలి. అంటే ఆవిడ ఫ్రిజ్ మీద రాసింది రెండు రకాలుగా తప్పు.

ఇడ్లీపాత్ర (మంగళవారం, ఉదయం 9:48)

ఓదార్పు మాటకు ధన్యవాదాలండీ!

ఇంకో అవమానం కూడా చెప్పేస్తాను. నలభై వాక్యాల్లో ఒకటి "ఈ పచ్చడి చాలా హాట్, జాగ్రత్త". ఎండుమిర్చి పచ్చడి గిన్నె మీద "మూయ్ కలియెంతే" అని చీటీ పెట్టాను. కొత్తగా చేరిన కుర్రాడు పాపం దాన్ని పావుగంట ఫ్యాను కింద పెట్టి చల్లార్చాడు. తరువాత చెంచాడు నోట్లో వేసుకున్నాడు. మెక్సికో వాడు కదా, తట్టుకున్నాడు, కానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

గ్వాదలహారా గోపి (మంగళవారం, ఉదయం 10:15)

కలియెంతే అంటే వేడి, పికాంతే అంటే కారం. మన వేడి, కారం లాగే వేరువేరు మాటలు. "పీకా?" అని అడిగితే "కారంగా ఉందా?" అని. అదే "పికార్" ఉల్లిపాయలు సన్నగా తరగడానికి కూడా పనికొస్తుంది. ఇంకో జాగ్రత్త. పొయ్యి దగ్గర ఉక్కపోస్తుంటే పొరపాటున కూడా "ఎస్తోయ్ కలియెంతే" అనకండి. అది ఇంకో రకం వేడి. "తెంగో కలోర్" అనండి.

మీ మిగతావి ఇవిగో, మెక్సికో వాడుకలో. పొయ్యి ఆపేయండి, "అపాగె లా ఎస్తూఫా". అపగార్ అంటే ఆర్పడం, దీపానికీ పొయ్యికీ ఒకటే. కానీ స్పెయిన్‌లో ఎస్తూఫా అంటే చలి కాచుకునేది. పప్పు నానబెట్టండి, "పొంగా లాస్ లెంతేహాస్ ఎన్ రెమోహో". గిన్నెలు సర్దిపెట్టండి, "గ్వార్దె లాస్ ఓయాస్". రేపు రాకపోతే ముందే చెప్పండి, "సి మఞానా నో వా అ వెనీర్, అవీసెమే అంతెస్". షో అప్‌కు విడిగా మాటే అక్కరలేదు, రావడమే. ఎవరైనా "మఞానా దెస్కాన్సో" అంటే రేపు నాకు సెలవని.

పెద్దాయనను పేరుకు ముందు "దోన్" చేర్చి పిలవండి. మన "గారు" వెనక వస్తుంది, వాళ్ళది ముందు వస్తుంది. మీరు పిలిచినప్పుడు ఆయన "మాందె?" అంటే ఏదో ఆజ్ఞాపించమంటున్నాడని కంగారుపడకండి, "చెప్పండమ్మా" అంటున్నాడు.

నైట్‌డ్యూటీ (మంగళవారం, రాత్రి 11:58)

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ చదివాను, నవ్వు ఆపుకోలేకపోయాను. మా దగ్గర మాత్రం ఈ పొరపాట్లు నవ్వుకునేలా ఉండవు. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ళ కుర్రాడిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్ళు "ఇంతొక్సికాదో" అన్నారు. క్యూబా స్పానిష్‌లో దానికి తిన్నదో తాగినదో వికటించిందని అర్థం. అక్కడివారు దాన్ని ఇంగ్లీషు మాటగా విని, మత్తుమందు ఎక్కువైందనుకుని వైద్యం మొదలుపెట్టారు. నిజానికి మెదడులో రక్తస్రావం జరుగుతోంది. అది తేలేసరికి ఆలస్యమై కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోయాయి. దాదాపు 7.1 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందమైంది. దుబాసీ శిక్షణలో ఈ కేసు చెప్పని తరగతి లేదు.

చూడటానికి ఇంగ్లీషులా ఉన్న మాటలే ఎక్కువ ప్రమాదం. "ఎంబరసాదా" అంటే సిగ్గుపడటం కాదు, గర్భవతి. స్పెయిన్ మనిషి "కొన్‌స్తిపాదో" అంటే మలబద్ధకం కాదు, జలుబు. మందు మారిపోతుంది!

నా సొంత పొరపాటు ఒకటి ఉంది. మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పరీక్ష గదిలో గౌను పట్టుకుని "మే దా పేనా, మే దా పేనా" అంటోంది. పేనా అంటే బాధ అని చదువుకున్నాను. ఎక్కడ నొప్పి అని మూడుసార్లు అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది, చివరికి మగ డాక్టరు వైపు చూపించి ముఖం కప్పుకుంది. మెక్సికోలో ఆ మాటకు "నాకు సిగ్గు వేస్తోంది" అని అర్థం. ఆ తరువాత ఆలోచిస్తే మే దా అంటే "నాకు ఇస్తుంది", మనకు "నాకు వేస్తుంది". భయం వేస్తోంది, మే దా మియేదో. చలి వేస్తోంది, మే దా ఫ్రీయో. ఆకలి వేస్తోంది, మే దా ఆంబ్రే. ఇంగ్లీషులో ఇవన్నీ నేనే అయి కూర్చుంటాను. తెలుగులోనూ స్పానిష్‌లోనూ అవి నా మీదికి వస్తాయి.

కొత్తసభ్యుడు (బుధవారం, ఉదయం 7:30)

నోటుపుస్తకం నిజంగానే చింపేశాను. పంతులమ్మగారూ, ఇంగ్లీషు ఈజ్‌కు స్పానిష్‌లో రెండు క్రియలు ఉన్నాయి కదా, సేర్, ఎస్తార్. వాటి తేడాకు కూడా తెలుగులో ఏదైనా కిటుకు ఉందా? శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని చదివాను, కానీ తేలడం లేదు.

పంతులమ్మ (బుధవారం, ఉదయం 8:10)

ఆ శాశ్వతం, తాత్కాలికం అన్నది ఇంగ్లీషు పుస్తకాల ఊతకర్ర. తెలుగులో చెప్పి చూడు. "ఆయన డాక్టరు." క్రియ లేదు. అక్కడ సేర్. "ఆయన ఇంట్లో ఉన్నాడు." ఉండడం వచ్చింది, అక్కడ ఎస్తార్. "సాంబారు చల్లగా ఉంది", ఎస్తార్. "పెళ్ళి మా ఇంట్లోనే", క్రియ లేదు, కాబట్టి సేర్. స్పానిష్‌లోనూ వేడుక ఎక్కడ అంటే సేర్‌తోనే చెబుతారు. ఈ ఒక్క ఉదాహరణకే ఇంగ్లీషువాళ్ళు ఎంతో అవస్థ పడతారు. "ఉంది" అంటే ఎస్తార్, "ఉంటుంది" అంటే సేర్ వైపు మొగ్గు. మంచు చల్లగా ఉంటుంది, కాఫీ చల్లగా ఉంది.

మొండిఘటం (బుధవారం, ఉదయం 8:40)

"మాద్రిద్ స్పెయిన్‌లో ఉంది" బాగానే నప్పుతుంది, ఎస్తార్. "ఇల్లు పెద్దగా ఉంది"? తెలుగులో "ఉంది" అన్నాం, స్పానిష్‌లో "లా కాసా ఎస్ గ్రాందే", సేర్. ఇప్పుడు ఏమంటారు?

పంతులమ్మ (బుధవారం, ఉదయం 8:52)

"పెద్ద ఇల్లు" అంటాను. నువ్వు ఎక్కువ మాట్లాడుతున్నావు.

(నిజమే, అక్కడ కుదరదు. కొత్తసభ్యుడా, రాసుకో: రంగు, పరిమాణం, గుణం లాంటివాటి దగ్గర నా కిటుకు జారిపోతుంది. మిగతాచోట్ల దానితో నెట్టుకురావచ్చు.)

బార్సిలోనా బాబ్జీ (బుధవారం, మధ్యాహ్నం 1:15)

పోట్లాట లేని సంగతి ఒకటి. మొన్న ఇక్కడ వాన దంచేస్తుంటే మా ఇంటి యజమానురాలు "యుఎవె అ కాంతరోస్" అంది. కాంతరో అంటే కుండ. కుండలతో కురుస్తోంది. కుండపోత! ఇంగ్లీషులో అదే వానలో కుక్కలూ పిల్లులూ పడతాయి. నాకు ఎందుకో చాలా ఆనందం వేసింది, ఆవిడకు వివరించబోతే నా స్పానిష్ చాలలేదు. సాయం చేయడాన్ని కూడా "ఎచార్ ఊనా మానో" అంటారు, ఒక చేయి వేయడం.

పెనం మీద నుంచి పొయ్యిలో పడటానికి మాత్రం వాళ్ళది చమత్కారం. "గ్వాతెమాలా నుంచి బయటపడి గ్వాతెపెయోర్‌లో పడ్డాడు" అంటారు. మాలా అంటే చెడ్డ, పెయోర్ అంటే ఇంకా చెడ్డ. గ్వాతెమాలా దేశానికి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు, పాపం. తలుచుకుంటున్న మనిషి ఎదురైతే మనం నూరేళ్ళు ఆయుష్షు అంటాం. వాళ్ళు "రోము రాజు గురించి మాట్లాడుతుంటే" అంటారు. ఇంగ్లీషువాడు దయ్యాన్ని పిలుస్తాడు. ఎవరి మర్యాద వారిది.

గ్వాదలహారా గోపి (బుధవారం, మధ్యాహ్నం 1:40)

బాబ్జీగారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను. పనిలో పనిగా, మన అలమార, తువాలు, మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చినవి. స్పానిష్ దానికి చెల్లెలు కాబట్టి అర్మారియో, తోఆయా, మఎస్త్రో అనగానే పాత చుట్టాల్లా పలకరిస్తాయి. ఇడ్లీపాత్రగారూ, చేతులు తుడుచుకునే గుడ్డను తువాలు అని చూడండి, మీవాళ్ళకు అర్థమైపోవచ్చు.

ఇడ్లీపాత్ర (శనివారం, రాత్రి 11:20)

ఆలస్యంగా వచ్చాను, వారాంతపు రద్దీ. తువాలు అర్థమైంది! పెద్దాయన "తోఆయా?" అని ఇచ్చాడు, పైగా నేను స్పానిష్ తప్పు పలికానని దిద్దాడు.

పాత కాగితం చింపేసి కొత్తది రాశాను. ఈసారి తెలుగులో రాసుకుని, ఇక్కడ మీరు చెప్పినవి చూసుకుంటూ పన్నెండే వాక్యాలు. నలభై ఎందుకు రాశానో ఇప్పుడు ఆలోచిస్తే నాకే తెలియడం లేదు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా పన్నెండూ చదివాడు. ఒక్కచోట గీత గీసి దిద్దాడు. నేను పప్పుకు లెంతేహాస్ అని రాస్తే, మేము నానబెట్టేది అది కాదు, మినప్పప్పు కదా! దానికి స్పానిష్ మాట ఆయనకూ తెలియదు, అందుకని లెంతేహాస్ కొట్టేసి "ఉరాద్" అని స్పానిష్ అక్షరాల్లో రాశాడు. ఇన్నాళ్ళూ సంచి మీద పేరు చూస్తున్నాడు కదా.

సాయంత్రం చూస్తే కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది, పెన్సిలుతో, ఆయన దస్తూరీలో. పన్నెండింటి కింద పదమూడోది. కాగితం ఒక మూల ఊడి వేలాడుతోంది.

"హెఫా, సే అకబో లా సింతా."

అమ్మగారూ, టేపు అయిపోయింది.

బార్సిలోనా బాబ్జీ (ఆదివారం, ఉదయం 9:05)

బ్రావో! ఇక్కడ టేపును థేలో అంటారు. చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను.

గ్వాదలహారా గోపి (ఆదివారం, ఉదయం 9:07)

తెలుసు.